తాళం ఎవరి చేతిలో ఉండాలి?

అట్లాంటా నుంచి జార్జియా 400 రోడ్డు పట్టుకుని ఉత్తరంగా వెళ్తే కమ్మింగ్ వస్తుంది. ఫోర్సైత్ కౌంటీలోని ఈ ఊరి చుట్టుపక్కల ఏ కాలనీలో సాయంత్రం నడకకు బయల్దేరినా రెండో మలుపు తిరిగేలోపే తెలుగు వినిపిస్తుంది. వేసవిలో అయితే మరీనూ. పిల్లల్నీ మనవల్నీ చూసి పోదామని వచ్చిన పెద్దవాళ్ళు గుంపులుగా నడుస్తుంటారు. అలాంటి నడకల్లోనే ఈ ఇద్దరూ నాకు పరిచయమయ్యారు. ఆయన గుంటూరు జిల్లాలో ముప్పై ఏళ్ళు బయోకెమిస్ట్రీ చెప్పి రిటైరైన లెక్చరర్. ఆమె ఆయన అక్క కూతురు. ఇక్కడికి దగ్గర్లో ఒక యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేస్తుంది.

ఒక శనివారం ముగ్గురం పిల్‌గ్రిమ్ మిల్ రోడ్డు వైపు వెళ్ళాం. అక్కడ యూనివర్సిటీ ఆఫ్ నార్త్ జార్జియాకు ఒక క్యాంపస్ ఉంది. 2012లో తెరిచారు. సెలవు రోజు కావడంతో మనుషులు లేరు. బెంచీ మీద కూర్చోగానే మేనమామా మేనకోడలూ మొదలుపెట్టారు. ఆ వాదన ఆ రోజుతో తెగలేదు, మూడు సాయంత్రాలు సాగింది. నాకు గుర్తున్నంత మేరకు ఇక్కడ పెడుతున్నాను.

మేనకోడలు: ఈ యూనివర్సిటీకి సొంత ప్రెస్ ఉంది మావయ్యా. అమెరికా చరిత్ర, ఆర్ట్, ప్రపంచ సాహిత్యం, ఇలాంటి వాటికి పాఠ్యపుస్తకాలు తమ మేష్టర్ల చేత రాయించి, ఎవరైనా పైసా కట్టకుండా దించుకోండని పెట్టేశారు. 'హిస్టరీ ఇన్ ది మేకింగ్' అలాంటి పుస్తకమే. రాష్ట్రంలోని ప్రభుత్వ యూనివర్సిటీలన్నీ కలిసి 2014 నుంచి 'అఫర్డబుల్ లెర్నింగ్ జార్జియా' అని ఒక పథకం నడుపుతున్నాయి. ఖరీదైన పుస్తకం మానేసి ఉచిత పుస్తకంతో పాఠం చెప్పే మేష్టర్లకు గ్రాంటు ఇస్తారు. ఇదిగాక ఇక్కడి మేష్టర్ల, విద్యార్థుల పరిశోధన దాచి అందరికీ చూపించే రిపాజిటరీ ఒకటుంది, నైట్‌హాక్స్ ఓపెన్ ఇన్‌స్టిట్యూషనల్ రిపాజిటరీ అని.

మావయ్య: పాఠ్యపుస్తకం సంగతి వేరమ్మా. పాఠం చెప్పడం యూనివర్సిటీ పని, పుస్తకం ఇవ్వడం అందులో భాగం అనుకోవచ్చు. నేను వచ్చినప్పటి నుంచీ నువ్వంటున్నది జర్నళ్ళ గురించి. సైన్సు జర్నల్ ఊరికే ఇవ్వాలంటే నేనొప్పుకోను. మన డెల్టాలో కాలువ నీళ్ళు ఊరికే పారుతున్నట్టే కనిపిస్తాయి. కాని తూములు బాగుచెయ్యాలి, గండి పడితే పూడ్చాలి, లస్కరుకు జీతం ఇవ్వాలి. అందుకే నీటి తీరువా. జర్నల్‌కు చందా కూడా అంతే.

మేనకోడలు: నీటి తీరువా ఒక పంటకు ఒకసారి కడతాం. జర్నల్‌కు ఎన్నిసార్లు కడుతున్నామో లెక్కపెట్టండి. పరిశోధనకిచ్చే గ్రాంటు జనం పన్ను డబ్బు. రాసిన మేష్టరికి జీతం యూనివర్సిటీ ఇస్తుంది. ఆ పేపర్ని చదివి తప్పొప్పులు చెప్పే రిఫరీలకు జర్నల్ ఏమీ ఇవ్వదు, వాళ్ళు కూడా ఏదో ఒక యూనివర్సిటీ జీతం మీదే బతుకుతున్నారు. ఇంత అయ్యాక అదే పేపర్ చదవడానికి అదే యూనివర్సిటీ లైబ్రరీ మళ్ళీ చందా కడుతుంది. కాలువ మనం తవ్వుకున్నాం. గట్టు మీద గేటు పెట్టి వసూలు చేసేది వేరేవాళ్ళు.

మావయ్య: గేటు అని తేలిగ్గా అనేశావు. పద్నాలుగేళ్ళు ఒక చిన్న జర్నల్‌కు ఎడిటర్‌గా ఉన్నాను నేను. రెండు వందల కాపీలు వేసేవాళ్ళం. వచ్చిన ప్రతి పేపర్లో టేబుళ్ళు తీసుకుని రాత్రిళ్ళు అంకెలు కూడేవాణ్ణి. శాతాలన్నీ కలిపితే నూటమూడు వచ్చే పేపర్లుండేవి! రిఫరీలకు కవర్లు, స్టాంపులు, మూడు నెలలు పోయాక రిమైండరు కార్డు. ఫార్ములాలో కింద ఉండాల్సిన అంకెను కంపోజిటరు పైన వేస్తే మళ్ళీ ప్రూఫు. ఇదంతా పని కాదా?

మేనకోడలు: పనే. దానికి మీకెంత ఇచ్చారు?

మావయ్య: నాకా? నాకేమీ లేదు. ప్రెస్సువాడికీ పోస్టాఫీసుకీ ఇవ్వాలిగా. అది కాలేజీలు కట్టే చందాల్లోంచి వచ్చేది.

ఈ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో ఫిర్యాదు లేదు. ఆ పని మీద ఇప్పటికీ ప్రేమ ఉంది. అసలు చదువే అలాంటివాళ్ళ రాత్రిళ్ళ మీద నిలబడిందని నాకనిపించింది. అందుకే మొదటి సాయంత్రం నా మొగ్గు ఆయన వైపే ఉంది. తర్వాత ఆయన ఎత్తుకున్న విషయం మన హైదరాబాదుది కావడంతో ఇంకా మొగ్గాను.

మావయ్య: చందా వద్దంటే ఏమైంది? చదివేవాడు కట్టనక్కర్లేదు, రాసేవాడే కట్టాలన్నారు. దాంతో దొంగ జర్నళ్ళు పుట్టాయి. హైదరాబాదు కేంద్రంగా నడిచిన ఓమిక్స్ సంగతి మీ అమెరికా కోర్టులోనే తేలింది కదా. 2016లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేసింది. రివ్యూ చెయ్యకుండానే చేశామని చెప్పడం, అనుమతి లేకుండా పెద్దవాళ్ళ పేర్లు ఎడిటర్లుగా వేసుకోవడం, ఫీజు సంగతి ముందు చెప్పకుండా దాచడం. 2019లో నెవాడా జిల్లా కోర్టు 5 కోట్ల డాలర్ల పైన కట్టమంది. అవి కూడా ఓపెన్ యాక్సెస్, అంటే ఎవరైనా ఊరికే చదవచ్చు, అనే బోర్డు పెట్టుకున్నవే. నా దగ్గర పీహెచ్‌డీ చేసిన కుర్రాడొకడు ప్రమోషన్ కోసం ఇలాంటి ఒక జర్నల్‌కు రెండు నెలల జీతం కట్టాడు. పేపర్ పంపిన వారానికే అచ్చయింది. ఒక్క ప్రశ్న అడిగినవాడు లేడు. నా దగ్గరకు వచ్చి ఏడ్చాడమ్మా.

మేనకోడలు: ఇది కాదనను. రాసేవాడి దగ్గర డబ్బు తీసుకునే చోట, ఎన్ని పేపర్లు ఒప్పుకుంటే అంత ఆదాయం. ఆశ పుడుతుంది.

మావయ్య: దొంగల సంగతి వదిలెయ్. దొరల సంగతి చూడు. 'నేచర్' పత్రికలో పేపర్ అందరూ చదివేలా పెట్టాలంటే 2021లో 9,500 యూరోలు అన్నారు. ఆనాటి లెక్కలో ఎనిమిది లక్షల పైచిలుకు. మన జిల్లా కాలేజీ లెక్చరర్ ఎక్కణ్ణుంచి తెస్తాడు? చందా పద్ధతిలో పేదవాడు చదవలేకపోయేవాడు. నీ పద్ధతిలో పేదవాడు రాయలేడు. ఏది పెద్ద అన్యాయం?

మేనకోడలు దీనికి వెంటనే జవాబు చెప్పలేదు. ఆ పూట ఇంటికి వచ్చేశాం. నన్నడిగితే ఈ మొత్తం వాదనలో అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఇదే.

రెండో సాయంత్రం ఆయనే ముందు అందుకున్నారు. మధ్యాహ్నం షారన్ ఫోర్క్స్ లైబ్రరీకి వెళ్ళొచ్చారట.

మావయ్య: మీ లైబ్రరీలో గెలీలియో అని ఒకటి చూపించారు. 1995 నుంచీ ఉందట. రాష్ట్రం మొత్తానికి కలిపి చందా కట్టి, యూనివర్సిటీ నుంచి ఊరి లైబ్రరీ దాకా అందరికీ జర్నళ్ళు అందిస్తున్నారు. ఇదీ పద్ధతంటే. మన దేశంలో కూడా అదే చేస్తున్నారు. 'ఒక దేశం, ఒక చందా' అని 2024 నవంబరులో కేబినెట్ ఒప్పుకుంది. మూడేళ్ళకు 6,000 కోట్లు, 30 మంది ప్రచురణకర్తలు, 13,000 జర్నళ్ళు. 6,300 సంస్థల్లో 1.8 కోట్ల మందికి అందుతాయట. అచ్చువేసేవాడికి డబ్బు ముడుతుంది, చదివేవాడికి జర్నల్ దొరుకుతుంది. గోడ పగలగొట్టాల్సిన పనేముంది?

మేనకోడలు: మంచి పనే. మా లైబ్రరీ గెలీలియో లేకుండా ఒక్క రోజు నడవదు. కాని మావయ్యా, అది అద్దె ఇల్లు. మూడేళ్ళ తర్వాత అద్దె పెంచితే? కట్టలేకపోతే తాళం వాళ్ళ చేతిలోనే ఉంది. పైగా మన దేశంలో మొదట అందేది ప్రభుత్వ సంస్థలకే. మన జిల్లాల్లో ప్రైవేటు కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్ళు ఎంతమంది? వాళ్ళకు లేదు. రిటైరైన మీకు లేదు. ఊళ్ళో ఆస్పత్రి పెట్టుకున్న డాక్టరుకు లేదు. పన్ను మాత్రం అందరూ కడుతున్నారు.

మావయ్య: ప్రచురణకర్తలందర్నీ ఒకే గాటన కట్టకు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి వందల ఏళ్ళుగా చదువుకు సేవ చేస్తున్న సంస్థలు.

మేనకోడలు: మంచి పుస్తకాలు వేశారు, నిజం. అట్లాంటాలో జార్జియా స్టేట్ యూనివర్సిటీ మీద 2008లో కేసు వేసింది కూడా ఆ రెండు సంస్థలే, సేజ్ అనే ఇంకో ప్రచురణ సంస్థతో కలిసి. పుస్తకాల్లో కొన్ని అధ్యాయాలు విద్యార్థులు కంప్యూటర్లో చదువుకునేలా లైబ్రరీ పెట్టిందని. ఆ కేసు 2020 దాకా నడిచింది. చాలావరకు యూనివర్సిటీయే నెగ్గింది, కాని పన్నెండేళ్ళు! మధ్యలో 2012లో ఢిల్లీ యూనివర్సిటీ మీదా, అక్కడి జిరాక్సు కొట్టు మీదా కేసు వేసినవాళ్ళలో కూడా ఆ ఇద్దరూ ఉన్నారు. 2016లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. తాళం వేరేవాళ్ళ చేతిలో ఉంటే పిల్లలకు పాఠం జిరాక్సు తీసిచ్చినా కోర్టు మెట్లెక్కాల్సిందే.

మావయ్య: సరే, కేసుల సంగతి నాకు తెలీదు. కాని ఒకటి చెప్పు. అసలు పేపర్ చదవలేక నష్టపోయినవాడెవడు? టెక్స్ట్‌బుక్కులో సారం ఉంటుంది. దాంతోనే ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను.

మేనకోడలు: ఫాస్ఫరస్ ఎస్టిమేషన్ చెప్పేవారు కదా మీరు, ల్యాబ్‌లో?

మావయ్య: ఫిస్కె-సుబ్బారావు పద్ధతి! ఎన్ని బ్యాచ్‌ల చేత చేయించానో. అమ్మోనియం మాలిబ్డేట్ వేసి, రెడ్యూసింగ్ ఏజెంట్ కలిపితే నీలం రంగు తేలుతుంది. ఆ నీలం ఎంత చిక్కగా ఉంటే అంత ఫాస్ఫరస్. భీమవరంలో పుట్టినవాడి పేరు ప్రపంచంలో ప్రతి బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో పలుకుతారర్రా అని మొదటి రోజే చెప్పేవాణ్ణి.

మేనకోడలు: ఆ పేపర్ చూశారా ఎప్పుడైనా?

మావయ్య: అసలుదా? లేదు. 1925 నాటిది. మాకెక్కడ దొరుకుతుంది?

ఆమె ఫోను తీసి రెండు నిమిషాలు వెతికి ఆయన చేతిలో పెట్టింది. జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ, 1925. పైన సైరస్ ఫిస్కె పేరు, పక్కన యల్లాప్రగడ సుబ్బారావు పేరు. ఆయన కళ్ళజోడు సరిచేసుకుని, వేలితో అక్షరాలు పెద్దవి చేసుకుంటూ చదవడం మొదలుపెట్టారు. వీధి దీపాలు వెలిగాయి. మేమిద్దరం పక్కనే నిలబడ్డాం. చివరి పేజీ దాకా ఆయన తల ఎత్తలేదు.

మావయ్య: ముప్పై ఏళ్ళు పాఠం చెప్పి ఈ కాగితం చూడకుండానే రిటైరయ్యాను. ఈయన ఏ పదార్థాలు అడ్డం వస్తాయో ఎంత ఓపిగ్గా రాశాడో చూశావా? టెక్స్ట్‌బుక్కులో ఇది లేదు. పిల్లలు అడిగితే నాకు తెలిసినంత చెప్పేవాణ్ణి.

ఈ ఒక్క మాటతో వాదన తీరిపోతుందనుకున్నాను. తీరలేదు. మూడో సాయంత్రం నడక మొదలవగానే ఆయన ఆ జర్నల్ గురించి రాత్రి ఏం తెలుసుకున్నారో చెప్పారు.

మావయ్య: నువ్వు చూపించిన ఆ జర్నల్ 2021 నుంచి పూర్తిగా ఓపెన్ యాక్సెస్ అయిందట. అచ్చువేసే బాధ్యత ఎల్సెవియర్‌కు అప్పగించారు. ఖర్చు రాసేవాళ్ళు కట్టే ఫీజులోంచి. అంటే ఈ రోజు సుబ్బారావు గారిలాంటి కుర్రాడు చేతిలో డబ్బు లేకుండా ఆ జర్నల్‌కు పేపర్ పంపితే? ఫీజు తగ్గించమని అర్జీ పెట్టుకోవాలి. మొన్న నేనడిగిన ప్రశ్నకు నువ్వు జవాబు చెప్పలేదు.

మేనకోడలు: చెప్తాను. ఆ ప్రశ్న మీరడిగాక నేను కూడా ఆలోచించాను. రాసేవాడి దగ్గర ఫీజు గుంజే దారి మన కాలేజీలకు పనికిరాదు. ఆ విషయంలో మీరే రైటు. కాని అది ఒక్కటే దారి కాదు. 2008 ఫిబ్రవరిలో హార్వర్డ్‌లో ఆర్ట్స్ అండ్ సైన్సెస్ మేష్టర్లందరూ ఏకగ్రీవంగా ఒక తీర్మానం చేశారు. ఇక్కడ ఎమరీ 2011లో, జార్జియా టెక్ 2012లో అదే బాట పట్టాయి. తీర్మానం సారం చాలా చిన్నది. జర్నల్‌కు హక్కులు రాసిచ్చే కాగితం మీద సంతకం పెట్టకముందే, తన పేపర్ కాపీ ఒకటి అందరికీ చూపించుకునే అనుమతిని మేష్టరు తన యూనివర్సిటీకి ఇచ్చేసి ఉంటాడు. ఇల్లు అద్దెకిచ్చినా ఒక తాళంచెవి మన మొలకే ఉంటుందన్నమాట.

మావయ్య: ఏ కాపీ? ఎడిటరు దిద్దకముందుదా? తప్పులతో?

మేనకోడలు: కాదు. రిఫరీలు చెప్పినవన్నీ దిద్ది, ఎడిటరు ఒప్పుకున్న తర్వాతి ప్రతి. జర్నల్ పేజీల రూపం మాత్రం ఉండదు. మీరు రాత్రిళ్ళు కూర్చుని కూడిన అంకెలన్నీ అందులో సరిగ్గానే ఉంటాయి. రాసేవాడు పైసా కట్టక్కర్లేదు. చదివేవాడు కట్టక్కర్లేదు. యూనివర్సిటీ ఒక సర్వరు, ఒకరిద్దరు మనుషుల్ని పెట్టుకోవాలి. నేను చేసే ఉద్యోగం అదే.

మావయ్య: కాపీ ఊరికే దొరుకుతుంటే లైబ్రరీలు చందా మానేస్తాయి. జర్నల్ మూతపడుతుంది.

మేనకోడలు: ఫిజిక్సువాళ్ళు 1991 నుంచీ తమ పేపర్లు ఆర్కైవ్ అనే సైటులో ఊరికే పెడుతున్నారు. ముప్పై ఏళ్ళు దాటింది. ఫిజిక్స్ జర్నళ్ళు ఇంకా వస్తూనే ఉన్నాయి. ఈ దేశంలో ఎన్ఐహెచ్ అనే ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ డబ్బుతో చేసిన పని ప్రతిని బయటపెట్టడానికి 2008 నుంచి ఏడాది గడువుండేది, 2025 జులై ఒకటి నుంచి అదీ లేదు. జర్నల్లో వచ్చిన రోజునే ఆ ప్రతి అందరికీ కనపడాలి. దూరం ఎందుకు? మన పటాన్‌చెరులో ఇక్రిశాట్ 2009లోనే తమ శాస్త్రవేత్తలు రాసిన ప్రతి పేపరూ తమ రిపాజిటరీలో పెట్టాల్సిందేనని నియమం పెట్టుకుంది. కంది, వేరుశనగ, జొన్న గురించి అక్కడ చేసిన పని అనంతపురంలో వ్యవసాయాధికారి ఫోన్‌లో తీసి చదవచ్చు. దానికోసం రైతు దగ్గర ఎవరూ తీరువా అడగడం లేదు.

మావయ్య: ఇక్రిశాట్‌కు డబ్బుంది.

మేనకోడలు: మీ యూనివర్సిటీకి శోధ్‌గంగ ఉంది. పీహెచ్‌డీ థీసిస్‌లు కంప్యూటర్ ప్రతిగా ఇవ్వాలని యూజీసీ 2009లో నియమం పెట్టింది. వాటిని యూజీసీకే చెందిన ఇన్‌ఫ్లిబ్‌నెట్ శోధ్‌గంగలో ఉచితంగా పెడుతోంది. అది డబ్బున్నవాళ్ళ పని కాదు మావయ్యా, పట్టుదల ఉన్నవాళ్ళ పని. మన అయ్యంకి వెంకటరమణయ్య గారి తరం డబ్బుండే గ్రంథాలయాలు పెట్టిందా? కృష్ణా కాలువల్లో పడవ మీద పుస్తకాలు ఊరూరికీ తిప్పారని మీరే చెప్పేవారు నా చిన్నప్పుడు.

మావయ్య: చెప్పాను. నిజమే.

కొంతసేపు ఆయన మాట్లాడలేదు. ఆమే మళ్ళీ అడిగింది.

మేనకోడలు: మీ జర్నల్ ఏమైంది?

మావయ్య: కాలేజీలు చందాలు మానేశాయి. ఆగిపోయింది.

మేనకోడలు: పాత సంచికలు?

మావయ్య: మా ఇంట్లో బీరువాలో ఒక సెట్టు ఉంది. డిపార్టుమెంటులో ఇంకో సెట్టు ఉండాలి. దానికి చెదలు పట్టిందని విన్నాను. పద్నాలుగేళ్ళు. నాలుగు వందల దాకా పేపర్లుంటాయమ్మా. మన చెరువుల్లో నీళ్ళ గురించి, ఫ్లోరైడ్ గురించి, పొగాకు నేలల గురించి. ఇంకెక్కడా అచ్చవని పని. అవి రాసినవాళ్ళలో సగం మంది ఇప్పుడు లేరు.

మేనకోడలు: అంటే ఇప్పుడవి ఎవరైనా చదవాలంటే?

మావయ్య: నా బీరువా తాళం తియ్యాలి.

ఆ మాట ఆయన నోటి నుంచి రాగానే ముగ్గురం ఆగిపోయాం. చందా ఉన్నన్నాళ్ళు జర్నల్ బతికింది, చందాతో పాటే పోయింది. నష్టం జర్నల్ ఆగిపోవడం ఒక్కటే కాదు. ఆయన అంత కష్టపడి దిద్దిన నాలుగు వందల పేపర్లు లోకానికి లేకుండా పోయాయి. నా తీర్పు అడిగితే, ఫీజుల దారి గురించి ఆయన పెట్టుకున్న భయం అక్షరాలా నిజం. మన యూనివర్సిటీలు ఆ దారిన పోతే ఉన్న నాలుగు రాళ్ళూ పోతాయి. అలాగని చందా గోడ వెనకే ఉండిపోవడమూ దారి కాదు. తమ మేష్టర్లు రాసిన ప్రతి పేపరుకూ ఒక ప్రతి తమ దగ్గరే ఉంచుకుని అందరికీ తెరిచిపెట్టడం చిన్న కాలేజీ కూడా చెయ్యగల పని. ఇంత ఖర్చు తక్కువ పనికి మనవాళ్ళు ఇన్నాళ్ళు ఎందుకు ఆగారో నాకు అర్థం కాదు.

మావయ్య: అక్టోబరులో వెళ్తున్నానుగా. వెళ్ళగానే స్కానింగ్ మొదలెడతాను. రాసినవాళ్ళ దగ్గర, వాళ్ళు లేకపోతే పిల్లల దగ్గర అనుమతి తీసుకోవాలి. ఎడిటర్‌గా అది నా బాధ్యత. ఎలా పెట్టాలో నువ్వు చెప్పు. కాని ఒక షరతు. తప్పులున్న పేపర్లు రెండు మూడున్నాయి. వాటికి సవరణ రాసిగాని పెట్టను.

మేనకోడలు: రాయండి. సవరణ కూడా పక్కనే పెడదాం.

ఇది చదువుతున్నవాళ్ళలో రిటైరైన లెక్చరర్లు, పరిశోధన చేసినవాళ్ళు తప్పకుండా ఉంటారు. మీ బీరువాలో కూడా ఒక థీసిస్ గానీ, ఆగిపోయిన జర్నల్ సంచికలు గానీ ఉండి ఉంటాయి. ఈ వారమే బయటికి తీసి చెదలు పట్టిందేమో చూడండి. థీసిస్ అయితే మీకు పట్టా ఇచ్చిన యూనివర్సిటీ లైబ్రరీకి తీసుకెళ్ళి, శోధ్‌గంగలో చేర్చమని రాతపూర్వకంగా అడగండి.